ఒక పేలుడు, ఎన్ని చేతులు?

1

"వామ్!" అనే చిత్రపటం గురించి నేను తరగతిలో చాలా ఏళ్ళు ఒకే మాట చెబుతూ వచ్చాను. సొంతంగా చెప్పడానికి ఏమీ మిగలని అమెరికన్ చిత్రకారుడొకడు బొమ్మల కథల పుస్తకంలోనుంచి ఒక బొమ్మను ఎత్తి పెద్ద కాన్వాసు మీద పెట్టాడనీ, డబ్బున్నవాళ్ళు దాన్ని మహాకళ అని కొనుక్కున్నారనీ, పెట్టుబడిదారీ సంస్కృతి ఎంత వట్టిపోయిందో తెలుసుకోవడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదనీ చెప్పేవాణ్ణి. విద్యార్థులు నవ్వేవారు. ఇంతలో గంట కొట్టేవారు.

ఒక ఏడాది వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఆ పుస్తకంలో ఆ బొమ్మ మొదట వేసినాయన పేరేమిటండీ?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియకపోవడం పెద్ద తప్పు కాదు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారైనా నాకు తట్టకపోవడం మాత్రం తప్పే. శ్రమ ఒకరిదీ ఫలం ఇంకొకరిదీ కావడం గురించి రోజూ మాట్లాడే మనిషిని నేను. తీరా ఒక పటం ముందు నిలబడేసరికి, బూర్జువా విమర్శకుడి లాగానే, సంతకం ఉన్నవాణ్ణి మాత్రమే చూశాను. తిట్టడానికే చూశానన్న మాట నిజమే గాని, చూసింది అతణ్ణే.

ఆ కుర్రవాడికి ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

2

పటాన్ని చూడని పాఠకుల కోసం ముందు దాని స్వరూపం చెబుతాను. రాయ్ లిక్టెన్‌స్టైన్ (1923-1997) అనే న్యూయార్క్ చిత్రకారుడు దీన్ని 1963లో వేసి, ఆ ఏడే న్యూయార్కులోని లియో కాస్టెల్లి గేలరీలో ప్రదర్శించాడు. 1966లో లండన్‌లోని టేట్ గేలరీ దీన్ని కొన్నది. ఇది రెండు కాన్వాసులను పక్కపక్కన చేర్చిన జంట పటం. ఎత్తు 172 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు 4 మీటర్ల పైచిలుకు. ఎదుట నిలబడితే చూపు ఒక్కసారిగా మొత్తాన్ని అందుకోలేదు. తలను ఎడమనుంచి కుడికి తిప్పవలసి వస్తుంది.

ఎడమ కాన్వాసులో ఒక యుద్ధవిమానం. దానినుంచి వెలువడిన రాకెట్టు తీసిన గీత కాన్వాసు అంచు దాటి రెండవ కాన్వాసులోకి పోతుంది. అక్కడ శత్రువిమానం ఎర్రగా, పసుపుగా, తెల్లగా పగిలి మండిపోతూ ఉంటుంది. ఆ మంట పక్కన పసుపురంగు పెద్ద అక్షరాలలో "వామ్!" అనే ధ్వని. ఎడమవైపు పైన పసుపురంగు పెట్టెలో పైలట్ మాటలు ఉంటాయి. తాను మీట నొక్కాననీ, ఎదుట రాకెట్లు భగ్గుమన్నాయనీ వాటి సారాంశం. ఆకాశమంతా నీలిచుక్కలు.

ఈ చుక్కల సంగతి కొంచెం చెప్పాలి. రంగుల అచ్చు చౌకగా జరగడం కోసం బెంజమిన్ డే అనే అమెరికన్ 1879లో ఒక పద్ధతి కనిపెట్టాడు. కాగితం మీద చిన్నచిన్న రంగుచుక్కలు ఎడంగా వేస్తే కంటికి లేతరంగుగానూ, దగ్గరగా వేస్తే ముదురుగానూ కనిపిస్తుంది. సిరా ఖర్చు తక్కువ. పది పన్నెండు సెంట్లకు అమ్మే బొమ్మల కథల పుస్తకాలు ఈ చుక్కల మీదనే బతికాయి. పుస్తకం చదివేవాడికి అవి కనిపించకూడదు. కనిపించాయంటే అది అచ్చులోపం. లిక్టెన్‌స్టైన్ ఆ చుక్కలను పెద్దవి చేసి కాన్వాసు మీద చేత్తో అద్దాడు. చిల్లులు పొడిచిన రేకును కాన్వాసు మీద ఆనించి, చిల్లులలోనుంచి రంగు పట్టించేవాడు. యంత్రం చేతికి బదులుగా చేసే పనిని, ఆయన యంత్రానికి బదులుగా చేత్తో చేశాడు. ఈ విడ్డూరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. తర్వాత దీనితో పని ఉంది.

ఇక పటంలో లేనిదేమిటో చూద్దాం. మనిషి ముఖం లేదు. చంపినవాడిదీ కనిపించదు, చచ్చినవాడిదీ కనిపించదు. నెత్తురు లేదు. నేల లేదు. చిత్రకారుడు మొదట దీన్ని ఒకే పటంగా తలపెట్టి తర్వాత రెండు కాన్వాసులకు విడదీశాడు. ఫలితంగా చంపేవాడు ఒక కాన్వాసులోనూ, చచ్చేవాడు ఇంకొక కాన్వాసులోనూ ఉండిపోయారు. ఇద్దరికీ మధ్య ఒక సన్నని సందు.

3

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్న. ఆ బొమ్మకు మూలం డి.సి. కామిక్స్ కంపెనీ అచ్చువేసిన "ఆల్-అమెరికన్ మెన్ ఆఫ్ వార్" అనే పుస్తకం 89వ సంచిక. సంచిక కాలం 1962 తొలి నెలలు. కథ పేరు "స్టార్ జాకీ". బొమ్మ వేసినవాడు ఇర్వ్ నోవిక్ (1911-2004).

సంగతి ఇంతటితో ముగియలేదు. నోవిక్ గీసిన గడిలోని విమానాలూ, పటంలోని విమానాలూ ఒకటి కావు. పరిశోధించినవారు చెప్పేదాన్నిబట్టి, దాడిచేసే విమానం తర్వాతి సంచికలో జెర్రీ గ్రాండెనెట్టి గీసిన కథనుంచి, కూలే విమానం అదే 89వ సంచికలో రస్ హీత్ గీసిన మరొక కథనుంచి వచ్చి ఉండాలి. కనక చిత్రకారుడు ఒక గడిని యథాతథంగా దించాడన్న నా పాత మాట తప్పు. ఆయన మూడుచోట్లనుంచి తీసి కూర్చాడు. ఒకరి చెయ్యి ఉందనుకున్నచోట నలుగురి చేతులు ఉన్నాయి.

కథలో ఆ గడి ఉన్న సందర్భం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ కథానాయకుడు జానీ క్లౌడ్ అనే పైలట్. అతడు అమెరికా ఆదివాసి, నవాహో జాతివాడు. రాబర్ట్ కానిగర్ అనే రచయిత, నోవిక్ కలిసి 1960లో ఆ పాత్రను సృష్టించారు. రెండవ ప్రపంచయుద్ధంలో మరవిమానం నడిపే ఈ నవాహో సైనికుడు, భవిష్యత్తులో తాను జెట్ విమానం నడుపుతూ శత్రువుల జెట్లను కూల్చినట్టు కలగంటాడు. ఆ కలలోనిదే ఆ పేలుడు. కూలే శత్రువును మండే నక్షత్రంతో పోల్చే అతని మాట కూడా మూలంలో ఒకటి ఉంది.

పటంలోకి వచ్చేసరికి కల పోయింది. నవాహో పోయాడు. నక్షత్రం మాట పోయింది. మీట నొక్కిన "నేను" ఒక్కటే మిగిలింది. ఆ "నేను" ఎవరో ఎవరికీ తెలియదు.

ఆ కథను నేను ఆకాశానికి ఎత్తడం లేదు. ఆదివాసి యువకుణ్ణి అమెరికన్ సైన్యానికి వన్నెతెచ్చే వీరుడుగా చూపించే కథ అది. ఆ జాతి భూములు ఎలా పోయాయో అందులో ఉండదు. రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడి ఇంటికి తిరిగి వచ్చిన నవాహో సైనికులకు ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాలలో 1948 దాకా ఓటు హక్కు లేదన్న సంగతీ ఉండదు. అయినా ఆ చౌకబారు కాగితం మీద, వంకరగానైనా, చరిత్ర తాలూకు ఒక ముక్క ఉంది. ఒక యుద్ధంలో ఉన్న పేదవాడికి తర్వాతి యుద్ధం కలలోకి వస్తుంది. కొరియా యుద్ధం అయిపోయి వియత్నాం మొదలవుతున్న రోజులలో గీసిన కథ అది. 1963 చివరికి దక్షిణ వియత్నాంలో "సలహాదారులు" అనే పేరుతో సుమారు 16,000 మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. ఆ ముక్కను చరిత్రనుంచి వేరుచేసి గోడకు తగిలించడం కోసం చిత్రకారుడు చేసిన పని ఏమిటన్నది మన ముందున్న ప్రశ్న.

4

దానికి ముందు, ఆ గడులు గీసినవాళ్ళు ఎలా బతికారో తెలుసుకోవాలి. మన విమర్శలో ఎప్పుడూ తరుగుపడేది ఈ భాగమే.

ఆనాటి అమెరికాలో కామిక్ పుస్తకం ఒక చిన్న కర్మాగారంలో తయారయ్యే సరుకు. కథ రాసేవాడొకడు, పెన్సిలుతో గీసేవాడొకడు, దాని మీద సిరా పెట్టేవాడు ఇంకొకడు కావచ్చు, బుడగలలో అక్షరాలు రాసేవాడు వేరు, రంగులు సూచించేవాడు వేరు. కూలి పేజీ లెక్కన. పేజీ ఇచ్చి కూలి తీసుకున్న తర్వాత ఆ బొమ్మ మీద గీసినవాడికి ఏ హక్కూ లేదు. పాత్రలు కంపెనీవి. అసలు బొమ్మ ఉన్న కాగితం కూడా కంపెనీదే. ఆ కాగితాలను చిత్రకారులకు తిరిగి ఇచ్చే పద్ధతి 1970లలోగాని రాలేదు. పుస్తకంలో పేరు వేయాలన్న నియమం లేదు. వేస్తే దయ, వేయకపోతే అడిగే దిక్కు లేదు.

ఈ వ్యవస్థకు ఆదిపర్వం అందరికీ తెలిసిందే. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు "సూపర్‌మాన్" హక్కులను 1938లో 130 డాలర్లకు అమ్ముకున్నారు. ఆ పాత్ర కోట్లు గడించింది. సృష్టించిన ఇద్దరూ ముసలితనంలో ఇబ్బందులు పడి, పత్రికలకెక్కి గోల చేస్తే 1975లో కంపెనీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పింఛను ఒప్పుకున్నది.

సంఘం పెట్టుకోలేదా అంటే ప్రయత్నించారు. బెర్నార్డ్ క్రిగ్‌స్టైన్ అనే ప్రతిభావంతుడైన చిత్రకారుడు 1950ల తొలినాళ్ళలో తోటి కామిక్ చిత్రకారులను ఒక సంఘంగా కూడగట్టబోయాడు, అది నిలవలేదు. 1960ల చివర డి.సి. కంపెనీకి ఏళ్ళ తరబడి రాసిన కొందరు రచయితలు ఆరోగ్య బీమా వగైరా అడిగారు. ఆ తర్వాత వారిలో పలువురికి అక్కడ పని లేకుండా పోయింది. తెనాలిలో అయినా న్యూయార్కులో అయినా పీస్‌వర్కు కూలి కథ ఇలాగే నడుస్తుంది.

ఇక్కడ మన పత్రికల సంగతి ఒకటి గుర్తుకు వస్తుంది. "చందమామ"లో వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాల మూలలో "వపా" అన్న చిన్న సంతకం ఉండేది. చదవడం రాని పిల్లలు కూడా ఆ రెండక్షరాలను గుర్తుపట్టేవారు. జీతమెంత, హక్కులేమిటి అన్నది వేరే చర్చ. కాని ఆ బొమ్మ ఒక మనిషి వేశాడన్న జ్ఞానం పిల్లలకు పసితనంలోనే అబ్బింది. నోవిక్ బొమ్మలు చూస్తూ పెరిగిన అమెరికన్ పిల్లల్లో చాలామందికి ఆ పేరు పెద్దయిన తర్వాతగాని తెలియలేదు.

5

లిక్టెన్‌స్టైన్ కూడా కోటలో పుట్టిన రాకుమారుడు కాడు. 1943లో సైన్యంలో చేరి 1946 దాకా ఉన్నాడు. విమానం నడపడంలో శిక్షణ పొందవలసినవాడు, ఆ శిక్షణ రద్దయి పదాతిదళాల వెంట యూరప్ వెళ్ళాడు. సైనిక పత్రికలో వచ్చే కార్టూన్లను పై అధికారి కోసం పెద్దవిగా గీసిపెట్టడం ఆనాటి ఆయన పనుల్లో ఒకటి. యుద్ధం తర్వాత చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయుడుగా బతికాడు. 1961 దాకా ఆనాటి ఫ్యాషన్ ప్రకారం భావచిత్రాలు, అంటే ఆకారం లేని రంగుల విజృంభణలు, వేశాడు. ఆ శైలిని ప్రచ్ఛన్నయుద్ధకాలంలో అమెరికన్ ప్రభుత్వ సంస్థలు "స్వేచ్ఛ"కు గుర్తుగా దేశదేశాలలో ఊరేగించాయి. దానికి విరుద్ధంగా, వ్యక్తి ఆవేశానికి చోటులేని అచ్చుబొమ్మను తెచ్చి కాన్వాసు మీద పెట్టడం 1961లో ఒక తిరుగుబాటే. "లైఫ్" పత్రిక 1964లో ఆయనను అమెరికాలోకెల్లా అధమ చిత్రకారుడు ఇతడేనా అని శీర్షిక పెట్టి అడిగింది.

ఈ పటం గురించి అభ్యుదయ విమర్శకులలో రెండు వాదాలున్నాయి. యుద్ధాన్నీ, యుద్ధాన్ని పిల్లలకు మిఠాయిలాగా అమ్మే సంస్కృతినీ ఇది వెక్కిరిస్తున్నదని ఒక వాదం. వెక్కిరింత లేదు, ఏమీ లేదు, సరుకు ముందు సాష్టాంగపడటమే ఇది అని రెండవ వాదం. చాలాకాలం నేను రెండవదానిలో ఉన్నాను.

చిత్రకారుడి మాట ఏమిటి? 1963లో ఒక కళాపత్రిక ప్రతినిధితో మాట్లాడుతూ ఆయన, కామిక్ పుస్తకాలలోని వీరులు ఫాసిస్టు బాపతు మనుషులేననీ, తన పటాలలో తాను వారిని గంభీరంగా తీసుకోననీ, అలా తీసుకోకపోవడంలో రాజకీయార్థం ఉంటే ఉండవచ్చుననీ, తాను మాత్రం వారిని కేవలం రూపం కోసం వాడుకుంటున్నాననీ అన్నాడు. ఒకే ఊపిరిలో రెండు పడవల మీదా కాళ్ళు పెట్టాడు.

కాని చిత్రకారుడి ఉద్దేశం దగ్గర ఆగిపోవడం మన పద్ధతి కాదు. బాల్జాక్ రాచరికవాది అయివుండి కూడా, తన సానుభూతులకు విరుద్ధంగా, కూలిపోయే వర్గాన్ని కూలిపోయేదిగానే చూపించాడని ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాశాడు. ఆ కొలతతోనే ఈ పటాన్ని కూడా కొలుద్దాం. ఏమంటున్నాడని కాక, ఏమి చూపిస్తున్నాడని అడుగుదాం.

చూపిస్తున్నది ఇది: మీట ఒకచోట ఉంది, చావు వేరొకచోట ఉంది, మధ్య సందు ఉంది, చావు అందంగా ఉంది. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని టెలివిజన్ తెర మీద చూసినవారికి ఈ పటం గురించి వ్యాఖ్యానం అక్కరలేదు. పచ్చని వెలుగులు, తెల్లని గీతలు, ఎక్కడా మనిషి లేడు. ఇప్పుడు డ్రోను నడిపేవాడు వేలమైళ్ళ దూరంలో కుర్చీలో కూర్చుని మీట నొక్కుతాడు. రెండు కాన్వాసుల మధ్య సందు సముద్రమంత అయింది. సామ్రాజ్యవాద యుద్ధం తనను తాను ఏ రూపంలో చూసుకోవాలని కోరుకుంటుందో ఆ రూపాన్ని ఈ పటం నిలువెత్తున నిలబెట్టింది. ఈ మేరకు నా పాత వాదం తప్పని ఒప్పుకుంటున్నాను.

అయితే ఆ విడ్డూరం సంగతి ఉంది కదా, చుక్కలను చేత్తో అద్దడం. వాల్టర్ బెంజమిన్ 1936లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో, యంత్రం ద్వారా ప్రతులు తీయడం మొదలైన తర్వాత కళాఖండం చుట్టూ ఉండే పూజ్యభావం నశిస్తుందనీ, అది ప్రజలకు మేలు చేయగలదనీ ఆశించాడు. కామిక్ పుస్తకం ఆ ఆశకు తగిన వస్తువు: లక్షల ప్రతులు, చౌక ధర, ఏదీ "అసలు" ప్రతి కాదు. లిక్టెన్‌స్టైన్ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. ఎవరి సొత్తూ కాకుండా వీధిలో తిరిగే బొమ్మను పట్టి, చేత్తో ఒకే ఒక్క ప్రతి చేసి, పోయిన పూజ్యభావాన్ని తిరిగి దానికి అంటించాడు. అచ్చుకాగితం మీద ఉన్నంతసేపూ ఆ బొమ్మ పిల్లలందరిదీ. కాన్వాసు మీదకు వచ్చాక ఒకరి ఆస్తి.

6

"అయితే ఇది దొంగతనమేనా?" అని అడగవచ్చు. అనుకరణను దొంగతనం అంటే సాహిత్యం, కళ రెండూ మూతపడతాయి. మానే తన "ఒలింపియా"ను టిషియన్ వేసిన వీనస్ చూసి వేశాడు. పికాసో 1957లో వెలాస్కెజ్ పటాన్ని పట్టుకుని పదులకొద్దీ పటాలు వేశాడు. కవిత్రయం వ్యాసుణ్ణి తెలుగు చేశారు. కాని ఈ ఉదాహరణలు అన్నింటిలోనూ మూలకర్త పేరు పైన వెలుగుతూనే ఉన్నది. పేరున్నవాడినుంచి తీసుకుంటే దాన్ని సంప్రదాయం అంటాం. పేరులేనివాడినుంచి తీసుకుంటే ముడిసరుకు అంటాం. నోవిక్ గీసిన గీత గేలరీ దృష్టిలో ఇనుప ఖనిజం వంటిది, తవ్వుకుపోవచ్చు.

మనం కూడా ఈ విషయంలో పత్తిగింజలం కాము. నాట్లలో, కోతల్లో స్త్రీలు పాడిన పాటలు మన సినిమాలలోకి వచ్చాయి. తెర మీద ఆ స్త్రీల పేర్లు రాలేదు. మన ఉద్యమాల పాటల పుస్తకాలలో ఎన్ని బాణీలకు కింద "జానపదం" అన్న ఒక్క మాట రాసి ఊరుకున్నామో లెక్క పెట్టుకుంటే మంచిది.

వామపక్షం తప్పు ఇంకొకటి ఉంది. 1950లలో అమెరికన్ కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని అక్కడా ఇక్కడా పెద్ద అలజడి లేచింది. అమెరికాలో 1954లో సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. పరిశ్రమ భయపడి సొంత నిషేధసూత్రాలు పెట్టుకున్నది. బ్రిటన్‌లో ఈ పుస్తకాలకు వ్యతిరేకంగా లేచిన ప్రచారంలో కమ్యూనిస్టులు ముఖ్యపాత్ర వహించారు. 1955లో చట్టం వచ్చింది. అమెరికన్ సామ్రాజ్యవాదం పంపిన విషం అన్నది వారి అభియోగం. విషం ఉన్న పుస్తకాలు ఉన్నమాట నిజం. అయితే అదే కాలంలో, కొరియా యుద్ధం జరుగుతూ ఉండగానే, హార్వీ కర్ట్‌జ్‌మన్ అనే సంపాదకుడు వీరత్వాన్ని ఎండగట్టే యుద్ధకథలు అవే చౌక కాగితాల మీద వేశాడు. 1952 తొలినాళ్ళలో వచ్చిన ఒక కథలో అమెరికన్ సైనికుడు ఒక కొరియా సైనికుణ్ణి నదిలో ముంచి తన చేతులతో చంపుతాడు. మీట లేదు, సందు లేదు. చంపేవాడి ముఖం, చచ్చేవాడి దేహం ఒకే కథలో, ఒకే నీటిలో ఉన్నాయి. నా దృష్టిలో యుద్ధం గురించి "వామ్!" కంటె ఆ కొద్ది పేజీలు చెప్పిన నిజం ఎక్కువ. మనం ఆ పుస్తకాలను చదవకుండానే తీర్పు చెప్పాం. పదేళ్ళ తర్వాత గేలరీ వచ్చి మనం పారేసిన కుప్పనుంచి తనకు కావలసింది ఏరుకున్నది.

7

పటం ప్రభావం సంగతి. టేట్ దీన్ని కొన్నప్పుడు ధర్మకర్తలలోనే గొడవ జరిగింది. శిల్పి బార్బరా హెప్‌వర్త్, మన అధ్యాపకులకు పరిచితుడైన విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ వ్యతిరేకించారు. అయినా 3,940 పౌన్లకు కొన్నారు. అప్పటినుంచి పోస్టర్లు, చొక్కాలు, ప్రకటనలు అన్నింటిలోనూ ఈ పేలుడు పాకింది. కామిక్‌నుంచి వచ్చింది తిరిగి సరుకులలోకి పోయింది. ఈ భాగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ముఖ్యమైనది వేరే ప్రభావం. ఆ భాషను నేర్చుకుని, ఆ భాష దాటవేసిన మాట చెప్పినవారు ఉన్నారు. జేమ్స్ రోజెన్‌క్విస్ట్ అంతకుముందు న్యూయార్కులో ఎత్తయిన ప్రకటన బోర్డులు రాసి బతికినవాడు. ఆయన 1965లో, అదే కాస్టెల్లి గేలరీ గోడలు చుట్టివచ్చేటట్లు, ఎఫ్-111 అనే యుద్ధవిమానాన్ని 26 మీటర్ల పొడవున చూపించాడు. విమానం పొడవునా మధ్యమధ్య కారు టైరు, సెవ్వయ్య, జుట్టు ఆరబెట్టే యంత్రం కింద కూర్చున్న నవ్వుముఖపు పిల్ల. ఈ బాంబరుకు పన్ను కడుతున్నది ఎవరు, ఆ పన్నుతో బతుకుతున్నది ఎవరు అన్న ప్రశ్న అందులో ఉంది. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం సాగుతుండగానే 1964లో వాలెన్సియాలో "ఎకిపో క్రోనికా" అనే బృందం ఏర్పడి, పాప్ భాషలోనే ఆ పాలనను ఎద్దేవా చేసింది. ఒకరి సంతకం కాక బృందం పేరు పెట్టుకోవడం కూడా గమనించవలసిన విషయం. ఐస్‌లాండు చిత్రకారుడు ఎర్రో 1968 ప్రాంతంలో, పత్రికలలో కనిపించే నున్నని అమెరికన్ గదులలోకి ఆసియా విప్లవసైనికులను తుపాకులతో సహా ప్రవేశపెట్టాడు. "వామ్!" విడదీసిన రెండు కాన్వాసులను వీళ్ళు మళ్ళీ కలిపారు.

మన దేశంలో ఆ గాలి బరోడాకు తగిలింది. ఛార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తూ బొమ్మలు వేసిన భూపేన్ ఖఖ్ఖర్ 1960లలో బజారు క్యాలెండర్ దేవుళ్ళను తీసుకుని మొదలుపెట్టి, 1972 నాటికి "జనతా వాచ్ రిపేరింగ్" అనే పటం వేశాడు. గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు, దానిలో పనిచేసుకునే మనిషి. చౌకబొమ్మలోని రంగుతో పాటు, ఆ బొమ్మల మధ్య బతికే పనివాడు కూడా కాన్వాసు మీదకు వచ్చాడు. పాప్ కళ ఇలా కూడా సాగవచ్చునన్నమాట.

ధరల సంగతి కూడా ప్రభావంలో భాగమే. లిక్టెన్‌స్టైన్ 1962లో వేసిన "మాస్టర్‌పీస్" అనే మరొక కామిక్ పటం 2017లో 16 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అమ్మిన ఆగ్నెస్ గండ్ అనే ధనికురాలు అందులో 10 కోట్లు అమెరికన్ జైళ్ళలో మగ్గేవారి సంఖ్య తగ్గించే పనికి ఇచ్చింది. ఇది మంచిపని అని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆ డబ్బు పుట్టుకలో పేజీ లెక్కన కూలి తీసుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పడానికీ లేదు.

వాళ్ళలో ఒకరు మాట్లాడారు. రస్ హీత్ (1926-2018) చివరి రోజుల్లో ఒక పేజీ కామిక్ గీశాడు. తన గడులను చూసి వేసిన పటాలు లక్షలకు పోతూ ఉంటే తనకు ఏమీ రాలేదనీ, ముసలి కామిక్ చిత్రకారులను ఆదుకునే ఒక ధర్మసంస్థ తనకు సాయపడిందనీ అందులో చెప్పుకున్నాడు. 2013లో టేట్ మోడర్న్‌లో లిక్టెన్‌స్టైన్ పటాల పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు, లండన్ కామిక్ చిత్రకారులు ఒక చిన్న గేలరీలో పోటీ ప్రదర్శన పెట్టారు. అవే గడులను తిరిగి గీసి, మూలచిత్రకారుల పేర్లు చెప్పి, వచ్చిన డబ్బు ఆ ధర్మసంస్థకే ఇచ్చారు. డేవ్ గిబ్బన్స్ అనే కామిక్ చిత్రకారుడు నోవిక్ గడినే తిరిగి గీసి, దానికి "వాట్?" అని పేరు పెట్టాడు. "ఏమిటీ?" అని దాని అర్థం. దశాబ్దాల తర్వాత వెలువడిన ఆ ప్రశ్నా, మా తరగతి కుర్రవాడి ప్రశ్నా ఒకటే.

8

నేనిప్పుడు ఈ పాఠం వేరే విధంగా చెబుతున్నాను. మొదట పేర్లు చెబుతాను: నోవిక్, గ్రాండెనెట్టి, హీత్, కానిగర్, ఆ తర్వాత లిక్టెన్‌స్టైన్. పేరు దొరకని అక్షరాలు రాసినవాడూ, రంగులు సూచించినవాడూ ఉన్నారని చెబుతాను. కలగన్న నవాహో గురించి చెబుతాను. అప్పుడు పటం చూపించి, ఇందులోనుంచి ఏమేమి తీసేశారో, తీసేయడంవల్ల ఏమి కనిపించిందో రెండూ చెప్పమంటాను. పటం మంచిదా చెడ్డదా అని నేను చెప్పను. చెప్పించుకునే అలవాటు విద్యార్థులకు నావల్లనే వచ్చింది. పోగొట్టడం కూడా నా పనే.

విమర్శకుడి బాధ్యత పటం ముందు నిలబడి మెచ్చుకోవడంతోనో తిట్టడంతోనో తీరదు. ఆ పటం తయారు కావడానికి ఎవరెవరు వంగి పనిచేశారో, ఎవరికి ఎంత ముట్టిందో, ఎవరి పేరు మిగిలిందో తెలుసుకోవాలి. అభ్యుదయ విమర్శ అని మనం పేరు పెట్టుకున్నది దీనికోసమే.

ఆ కుర్రవాడు ఎప్పుడో కాలేజీ వదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ సంచిక అతని కంటపడితే, ఆ బొమ్మ వేసినాయన పేరు ఇర్వ్ నోవిక్ అని అతనికి చెబుతున్నాను.